మస్ట్ అనాలా, షుడ్ అనాలా, మే అనాలా: బెంగళూరు ఆఫీసుల్లో మనవాళ్ళకి ఒక పోలిక

బెంగళూరుకి వచ్చిన రెండో ఏడాది ఒక క్లయింట్‌కి మెయిల్ పెట్టాను. ఆ శుక్రవారం కాల్‌లో మా టీమ్ సొంత గొడవలే మాట్లాడుకుంటాం, ఆవిడ రానక్కర్లేదు. పాపం ఆవిడకి ఓ గంట నిద్ర కలిసొస్తుందని మంచి మనసుతోనే రాశాను: "యూ మస్ట్ నాట్ అటెండ్ ద ఫ్రైడే కాల్." అరగంటలో జవాబు వచ్చింది, ఒక్కటే లైను. నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా అని అడిగింది. నాకేమీ అర్థం కాలేదు. పక్క సీట్లో ఉండే కర్నూలాయన కుర్చీ జరుపుకుని వచ్చి, మెయిల్ మొత్తం చదివి, "ఆయమ్మను రావద్దని గేటు బయట నిలబెట్టినావ్ కదప్పా" అన్నాడు.

నేను మనసులో అనుకున్నది "మీరు రావద్దులెండి" అని. మన భాషలో ఆ మాటలో ఎంత మర్యాద ఉందో చూడండి. మీకెందుకు శ్రమ, మేం చూసుకుంటాం అని దాని భావం. అదే వద్దు పిల్లాడితో "ఎండలో ఆడొద్దు" అంటే గట్టి నిషేధం. ఒకే వద్దు రెండు పనులు చేస్తుంది. ఏది ఏదో గొంతు చెబుతుంది, చివర తగిలించిన 'లెండి' చెబుతుంది. ఇంగ్లిష్‌లో ఆ రెండు పనులకీ రెండు వేరు మాటలు. పైగా మెయిల్‌లో గొంతు వెళ్ళదు.

ఇప్పుడు మా టీమ్‌లో చేరే పిల్లలు ముఖ్యమైన మెయిల్ ఏదైనా ఉంటే "అన్నా, ఒకసారి చూడవా" అని నాకు పంపిస్తారు. వాళ్ళ స్పెల్లింగుల్లో తప్పులుండవు, వాటిని కంప్యూటరే దిద్దేస్తుంది. కంప్యూటర్‌కి దొరకని తప్పులు ఇవే: మస్ట్, హావ్ టు, షుడ్, మే, కెన్, షల్. గ్రామర్‌లో వీటిని మోడల్ వెర్బ్స్ అంటారు. ఆ పేరు గుర్తుండకపోయినా నష్టం లేదు. ఏది వాడాలో తేల్చుకోవడానికి నేను వాళ్ళని రెండే ప్రశ్నలు వేసుకోమంటాను. ఈ మాట వెనక పెత్తనం ఎవరిది, నాదా, ఎదుటివాళ్ళదా, రూల్‌దా? చెప్పినట్టు చెయ్యకపోతే ఏమవుతుంది? ఈ రెండిటికీ జవాబు తెలిస్తే మాట దానంతటదే దొరుకుతుంది. తెలుగు మాటకి సరిపోయే ఇంగ్లిష్ మాట ఏదని వెతికితే మాత్రం నా శుక్రవారం మెయిలే మళ్ళీ తయారవుతుంది.

మస్ట్ నాట్, డోంట్ హావ్ టు

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే జంట ఇదే కాబట్టి ముందు దీన్ని తేల్చేద్దాం. మస్ట్, హావ్ టు మామూలుగా ఉన్నప్పుడు అన్నదమ్ముల్లా దగ్గర దగ్గరగా ఉంటాయి. కాదు అని తగిలించగానే ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ పోతాయి. మస్ట్ నాట్ అంటే కూడదు. డోంట్ హావ్ టు అంటే అక్కర్లేదు. ఆర్టీసీ బస్సులో "పొగ త్రాగరాదు" అని రాసి ఉంటుంది చూశారా, ఆ 'రాదు' మస్ట్ నాట్. పెళ్ళివారు "కానుకలేమీ తేనక్కర్లేదండీ" అంటారే, ఆ 'అక్కర్లేదు' డోంట్ హావ్ టు. తెస్తే ఎవరూ కోప్పడరు.

కాబట్టి తెలుగులో 'వద్దు' అనిపించిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగి, దాన్ని 'కూడదు' అని మార్చి చూడండి. "మీరు శుక్రవారం రాకూడదు" అంటే నాకే ఛీ అనిపించేది, ఆ మెయిల్ వెళ్ళేదే కాదు. 'అక్కర్లేదు' అని మార్చినా అర్థం చెడలేదంటే డోంట్ హావ్ టు, లేదా డోంట్ నీడ్ టు రాయండి. నీడ్ నాట్ కూడా సరైనదే. కాకపోతే మన ప్రభుత్వ ఉత్తర్వుల వాసన వస్తుంది. అమెరికా వాళ్ళు మాటల్లో దాదాపు వాడరు.

కన్నడ నేర్చుకునేటప్పుడు మనకి ఈ ఇబ్బంది రాదు, గమనించారా? మాడబారదు అంటే చేయరాదు, మాడబేకాగిల్ల అంటే చేయనక్కర్లేదు. ఆ బారదులో మన రాదే ఉంది. మారతహళ్ళిలో దిగిన వారానికే బేకు, బేడ రెండూ నోటికొస్తాయి, వాటితోనే కూరగాయలు కొనేస్తాం, ఆటో వద్దనేస్తాం. బేకు అంటే కావాలి, బేకు అంటే చేసి తీరాలి కూడా. సరిగ్గా మన 'కావాలి', 'చేయాలి' చివర ఉండే 'ఆలి' లాగే. మన పక్కింటి భాష కాబట్టి గోడలు కూడా అవే చోట ఉన్నాయి. ఇంగ్లిష్ ఇంటి ప్లాను వేరు.

ఒకే 'ఆలి'కి నాలుగు మాటలు

"రిపోర్ట్ ఇవాళ పంపాలి" అని తెలుగులో ఎవరైనా ఎవరితోనైనా అనొచ్చు. మేనేజర్ నాతో అంటే హుకుం, నేను మేనేజర్‌తో అంటే సమాచారం, నాలో నేను అనుకుంటే గుర్తు చేసుకోవడం. 'పంపాలని ఉంది' అంటే కోరిక కూడా. ఒక్క చిన్న 'ఆలి' ఇన్ని బరువులు మోస్తుంది. ఇంగ్లిష్‌కి వెళ్ళేసరికి దాన్ని మస్ట్, హావ్ టు, నీడ్ టు, షుడ్ అనే నాలుగింటికి పంచాలి. ఆ పంపకంలోనే తకరారు.

మస్ట్‌లో మాట్లాడేవాడి పట్టుదల ఉంటుంది. నేను చెబుతున్నా, చెయ్యాల్సిందే అని. అందుకే "ఐ మస్ట్ కాల్ అమ్మ టుడే" అన్నప్పుడు నా మనసే నన్ను తరుముతున్నట్టు. హావ్ టులో బరువు బయటినుంచి వస్తుంది: రూలు, గడువు, పరిస్థితి. "ఐ హావ్ టు కాల్ ద బ్యాంక్ బిఫోర్ ఫోర్" అంటే నాలుగు దాటితే వాళ్ళు ఫోను ఎత్తరు, నా ఇష్టంతో పని లేదు. ఈ తేడాని బ్రిటిష్ పుస్తకాలు పాటించినంతగా జనం పాటించరనేది నిజమే. అమెరికా వాళ్ళ మాటల్లో మస్ట్ బాగా తగ్గిపోయింది, హావ్ టు, నీడ్ టు ఆ చోటు ఆక్రమించాయి. దానివల్ల జరిగిందేమిటంటే, అరుదుగా వినిపించే మస్ట్ ఇంకా గట్టిగా వినిపిస్తోంది. మనం ఏడో తరగతిలో నేర్చుకున్న మామూలు మస్ట్ వాళ్ళ చెవికి బెత్తం చప్పుడులా తగులుతుంది.

మొన్న ఒక అబ్బాయి మేనేజర్‌కి రాసిన మెయిల్ నాకు చూపించాడు. మే నెలలో అక్క పెళ్ళి, పది రోజులు సెలవు కావాలి. "యూ మస్ట్ అప్రూవ్ మై లీవ్, కైండ్లీ" అని రాశాడు. మీరు తప్పకుండా మంజూరు చేయాలి అని బతిమాలడం అది. ఊళ్ళో ఎమ్మార్వోకి పెట్టుకునే అర్జీలో ఉండే వినయమే. కానీ మస్ట్ పక్కన కైండ్లీ పెట్టడమంటే చెంపదెబ్బ కొట్టి దండం పెట్టడం. ఇక్కడ పెత్తనం ఎవరిది? మేనేజర్‌ది. పెత్తనం ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు మస్ట్, హావ్ టు, షుడ్ మూడింటినీ పక్కన పెట్టేసి, అడగడమే దారి. "కుడ్ యూ ప్లీజ్ అప్రూవ్ మై లీవ్" అని మార్పించాను. గడువుంటే గడువునే ముందుకు తోయమన్నాను: "ఐ హావ్ టు బుక్ టికెట్స్ బై మండే." బలవంతం నాపైన ఉందని చెప్పుకోవచ్చు, ఆయనపైన పెట్టకూడదు. వాడికి సెలవు దొరికింది, పది రోజులు కాదు, ఏడు. దానికి గ్రామర్ బాధ్యత లేదు.

పైవాళ్ళకి నిజంగానే రూలు చెప్పాల్సి వస్తే? సంతకం లేకపోతే ఫారం వెనక్కొస్తుంది అనుకోండి. "యూ హావ్ టు సైన్" అన్నా తప్పు కాదు, హావ్ టులో ఉన్నది రూల్ బరువే. అయినా నాకు నచ్చే పద్ధతి మనుషుల్ని వాక్యంలోంచి తీసేయడం. "ద ఫారం నీడ్స్ యువర్ సిగ్నేచర్." అడిగేది ఫారం, నేను కాదు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళతో "ఈ మందు భోజనానికి ముందే వేసుకోవాలట" అంటాం చూడండి, ఆ 'అట' చేసే పని ఇది.

నీడ్ టు మెత్తగా కనిపిస్తుంది కానీ 'యూ' పక్కన చేరితే అంత మెత్తన కాదు. "వీ నీడ్ టు ఫిక్స్ దిస్" అంటే మనందరి పని. "యూ నీడ్ టు ఫిక్స్ దిస్" అంటే వేలు చూపించడం. షుడ్ సలహాకి, ఔచిత్యానికి. చెయ్యడం మంచిది, చెయ్యకపోతే కొంప మునగదు. ఇక్కడే మన హెచ్‌ఆర్ మెయిళ్ళు పప్పులో కాలేస్తుంటాయి. "ఎంప్లాయీస్ షుడ్ వేర్ ఐడీ కార్డ్స్" అని రాసి, వేసుకోనివాళ్ళని గేటు దగ్గర ఆపుతారు. అది తప్పనిసరి అయితే మస్ట్ అని రాయాలి. నోటీసులో మస్ట్ మొరటుతనం కాదు, దాని అసలు చోటే అది. ఎవరో ఒక మనిషి మరో మనిషికి చెబుతున్నట్టు ఉండదు కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు.

ఇంకో చోట కూడా మస్ట్ అమృతంలా ఉంటుంది. ఎదుటివాళ్ళకి మేలు, సంతోషం కలిగే పని అయినప్పుడు. "యూ మస్ట్ కమ్ టు మై సిస్టర్స్ వెడ్డింగ్", "యూ మస్ట్ ట్రై ద గోంగూర." ఇక్కడ పట్టుదలే ప్రేమ. శుభలేఖ ఇస్తూ "యూ మే కమ్" అంటే, వస్తే రండి పోతే పోండి అన్నట్టు. మీరు తప్పకుండా రావాలి అనే మన పిలుపుకి మస్టే సరి.

హాడ్ బెటర్‌ని మాత్రం ముట్టుకోకండి. బెటర్ అని ఉంది కదా, సలహానే అనుకుంటాం. "యూ బెటర్ సెండ్ ఇట్ టుడే" అంటే పంపడం మంచిదని కాదు, పంపకపోతే నీ పని చెబుతా అని. స్నేహితుల మధ్య చెల్లుతుంది. మెయిల్‌లో అది బెదిరింపు. "ఇట్ వుడ్ బి బెటర్ టు సెండ్ ఇట్ టుడే" అంటే పోయేదానికి ఎందుకొచ్చిన తంటా.

జరిగిపోయినవి చెప్పేటప్పుడు

ఇక్కడ తెలుగు మనకి అండగా నిలబడుతుంది. వెళ్ళాల్సి వచ్చింది అంటే హాడ్ టు గో; ఇష్టం లేకపోయినా వెళ్ళాను. వెళ్ళాల్సింది అంటే షుడ్ హావ్ గాన్. వెళ్ళలేదు, ఇప్పుడు చింతిస్తున్నాను. వెళ్ళి ఉండాలి అంటే మస్ట్ హావ్ గాన్. నాకు ఖాయంగా తెలియదు, ఊహిస్తున్నాను. మూడూ మూడు గదుల్లో నీట్‌గా సర్ది ఉన్నాయి. మస్ట్‌కి తప్పనిసరి అనే అర్థంలో భూతకాలం లేదన్నది గుర్తుంటే చాలు. "యెస్టర్‌డే ఐ మస్ట్ వర్క్ టిల్ టెన్" కుదరదు, హాడ్ టు కావాలి. "మస్ట్ హావ్ వర్క్‌డ్" అంటే పని చేసి ఉంటాను అనుకుంటా అని. నిన్న రాత్రి నువ్వు ఎక్కడున్నావో నీకే తెలియదా అని ఎదుటివాడు నవ్వుతాడు.

అయితే మన 'వెళ్ళాల్సింది'లో ఇంకో నీడ కూడా ఉంది. "నిన్న డెలివరీ రావాల్సింది, రాలేదు" అంటాం. ఇందులో చింత లేదు, అనుకున్నదొకటి అయిందొకటి. దీనికి సపోజ్డ్ టు సరిగ్గా అతుకుతుంది: "వాజ్ సపోజ్డ్ టు కమ్ యెస్టర్‌డే." వర్తమానంలో అయితే రూలు ఉంది, ఎవరూ పాటించడం లేదు అనే చమత్కారం కూడా దీనిలో ఉంది. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ఫుట్‌పాత్ మీద బైకు నడిపేవాడి గురించి చెప్పాలంటే "హీ ఈజ్ నాట్ సపోజ్డ్ టు రైడ్ దేర్." మస్ట్ నాట్ అంటే మనం ట్రాఫిక్ పోలీసులం అయిపోతాం.

అక్కర్లేని పని గురించి ఒక సూక్ష్మం. "డిడ్ంట్ నీడ్ టు గో" అంటే వెళ్ళే అవసరం రాలేదు, బహుశా వెళ్ళలేదు కూడా. "నీడ్ంట్ హావ్ గాన్" అంటే అనవసరంగా వెళ్ళాను. వైట్‌ఫీల్డ్ దాకా వానలో వెళ్ళాక మీటింగ్ రద్దయిందని తెలిస్తే రెండోదే పలకాలి, కాస్త కసిగా.

షల్, కాగితాల మీద

మాటల్లో షల్ ఇంచుమించు అంతరించిపోయింది కానీ కాగితాల మీద రాజ్యమేలుతోంది. బెంగళూరులో అద్దెకి దిగిన ప్రతివాడూ పదకొండు నెలల అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ఉంటాడు. ఏడాదికి మించిన లీజుని 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పకుండా రిజిస్టర్ చేయించాలి కాబట్టి ఆ పదకొండు. సంతకం పెట్టేముందు మనం అద్దె అంకె, అడ్వాన్స్ అంకె చూసి వదిలేస్తాం. నేనూ అంతే చేశాను. ఖాళీ చేసేటప్పుడు ఓనర్ పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్స్‌లోంచి పట్టుకున్నాడు. అగ్రిమెంట్ తీసి చూపించాను: "ద ఓనర్ మే డిడక్ట్ వన్ మంత్స్ రెంట్." మే అంటే ఒకవేళ పట్టుకుంటారేమో అని కదా, గోడలు శుభ్రంగా ఉన్నాయి కదా అని నా వాదన. ఆయన కన్నడంలో చాలా ప్రశాంతంగా చెప్పాడు, హిడ్కోబహుదు, పట్టుకోవచ్చు, అంటే నాకు హక్కుంది అని. గోడల మాటే లేదు అందులో.

కన్నడ బహుదు, తెలుగు వచ్చు, ఇంగ్లిష్ మే, మూడింటికీ అవే రెండు నాలుకలు. వాన రావచ్చు అంటే ఊహ, లోపలికి రావచ్చు అంటే అనుమతి. ఒప్పందాల్లో, రూల్స్‌లో మే కనిపిస్తే ఊహ అనుకోకండి. అది ఎవరికో అధికారం ఇస్తోంది. ఆ రాత్రి అగ్రిమెంట్ మొత్తం పెన్నుతో గీతలు గీస్తూ చదివాను. షల్ ఉన్న ప్రతి వాక్యం 'టెనెంట్' అనే మాటతో మొదలైంది. మే ఉన్నవి రెండే, రెండూ ఓనర్‌వి. సంతకానికి ముందు చెయ్యాల్సిన పని అది, ఆరు నిమిషాలు పట్టింది.

చట్టంలో షల్ అంటే చేసి తీరాలి అని. మన రాజ్యాంగం 14వ అధికరణం "ద స్టేట్ షల్ నాట్ డినై" అంటుంది; చట్టం ముందు సమానత్వాన్ని రాజ్యం ఎవరికీ నిరాకరించరాదు. 40వ అధికరణంలోనూ షల్ ఉంది: గ్రామ పంచాయతీల ఏర్పాటుకి రాజ్యం చర్యలు తీసుకోవాలి. కానీ అది ఆదేశిక సూత్రాల భాగంలో ఉంది. ఆ సూత్రాలు కోర్టు ద్వారా అమలు చేయించదగ్గవి కావని 37వ అధికరణం చెప్పేసింది. అదే షల్, ఒకచోట కోర్టుకి ఎక్కించవచ్చు, ఇంకోచోట ఎక్కించలేం. నేను చెప్పిన రెండో ప్రశ్న, చెయ్యకపోతే ఏమవుతుంది అన్నది, ఇలాంటి చోట్లే అక్కరకొస్తుంది. మే అని రాసి ఉన్నా అది అధికారి చెయ్యాల్సిన పనేనని కోర్టులు తేల్చిన సందర్భాలూ ఉన్నాయి, కాబట్టి లాయరు పని లాయరుకి వదిలేయడం క్షేమం.

సాఫ్ట్‌వేర్ వాళ్ళు మాత్రం ఈ రగడకి ఒక మంచి మందు కనిపెట్టారు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళ కోసం 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2119 అని ఒక చిన్న పత్రం వచ్చింది. మస్ట్ అంటే మినహాయింపు లేని తప్పనిసరి, షల్ కూడా అదే. షుడ్ అంటే, తగిన కారణం ఉంటే మానుకోవచ్చు, కానీ మానితే వచ్చే పర్యవసానం పూర్తిగా అర్థం చేసుకుని మానాలి. మే అంటే నిజంగా ఐచ్ఛికం. ఆ జాబితాలో మే నాట్ లేనే లేదు, గమనించండి. ఎందుకంటే "హీ మే నాట్ కమ్" అంటే రాకపోవచ్చో, రాకూడదో రాసినవాడికి తప్ప తెలియదు. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 వచ్చి, ఈ మాటల్ని పెద్ద అక్షరాల్లో రాసినప్పుడే ఆ ప్రత్యేక అర్థాలు వర్తిస్తాయని ఇంకో ముడి బిగించింది.

మీరు టెస్టింగ్‌లోనో డెవలప్‌మెంట్‌లోనో ఉంటే ఇది మీకు రోజువారీ గొడవే. రిక్వైర్‌మెంట్‌లో "ద సిస్టమ్ షుడ్ సెండ్ ఓటీపీ" అని ఉంటే, ఓటీపీ రాకపోవడం బగ్గా కాదా అని గంట వాదించుకుంటాం. రాసినవాడి మనసులో మస్టే ఉంటుంది, మర్యాదకి షుడ్ రాస్తాడు. యంత్రానికి మర్యాదెందుకు? డాక్యుమెంట్‌లో మస్ట్ రాయండి, మనుషులకి రాసే మెయిల్‌లో తగ్గించండి. మనవాళ్ళలో చాలామంది సరిగ్గా తలకిందులుగా చేస్తారు.

కెన్, కుడ్, మే: అనుమతి అడగడం

చిన్నప్పుడు తరగతి గుమ్మంలో నిలబడి ఒకటే ఊపిరితో "మేకమిన్‌సార్" అనేవాళ్ళం. అది ఐదు మాటలని కూడా తెలియదు. అడిగేది మే, చేతనైనది కెన్ అని ఒక గీత గీసి నేర్పారు. ఆ గీత ఇప్పుడు చెరిగిపోయింది. "కెన్ ఐ కమ్ ఇన్" అని అడగడం ఎక్కడైనా మామూలే, ఎవరూ తప్పు పట్టరు.

అసలు తెలుగువాడికి ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. నాకు ఈత వచ్చు, ఇంగ్లిష్ వచ్చు అంటాం. మీరు వెళ్ళవచ్చు అనీ అంటాం. తెలిసి ఉండటం, చేతకావడం, అనుమతి, అన్నీ వచ్చులోనే ఉన్నాయి. ఇంగ్లిష్ కెన్ కూడా పుట్టింది 'తెలుసు' అనే అర్థంతోనే. నో అనే మాటకి అది దూరపు చుట్టం. తెలియడం నుంచి చేతనవడానికి, అక్కణ్ణుంచి అనుమతికి నడిచింది. వేల మైళ్ళ దూరంలో రెండు భాషలు ఒకే దారి పట్టాయి, ఇది తలచుకున్నప్పుడల్లా నాకు భలే ముచ్చటేస్తుంది.

ఎంపిక సులువు. టీమ్‌లో సాటివాళ్ళతో కెన్ ఐ. మేనేజర్, క్లయింట్, కొత్తవాళ్ళు అయితే కుడ్ ఐ. ఇంటర్వ్యూ గది గుమ్మం, సభ, పెద్దమనుషుల సమక్షం అయితే మే ఐ. అనుమానం వస్తే కుడ్ ఐ, అది ఎక్కడా చెడదు. అడిగేటప్పుడే కుడ్, ఇచ్చేటప్పుడు కుడ్ పనికిరాదు. "కుడ్ ఐ లీవ్ ఎర్లీ?" అంటే "యెస్, యూ కెన్." "యెస్, యూ కుడ్" అంటే వెళ్ళగలిగేవాడివే కానీ, అని ఏదో మెలిక పెడుతున్నట్టు. ఇక "యూ మే గో" అన్నది హెడ్మాస్టారి మాట. మీ కింద పనిచేసేవాళ్ళతో కూడా అనకండి. "ష్యూర్, గో అహెడ్" చాలు.

జరిగిపోయిన అనుమతికి ఒక చిన్న ఉచ్చు ఉంది. మా పాత ఆఫీసులో ఎప్పుడైనా ఇంటినుంచి పని చేసుకోనిచ్చేవాళ్ళు, అంటే కుడ్ సరిపోతుంది. నిన్న ఒక్కసారి త్వరగా వెళ్ళనిచ్చారు, నేను వెళ్ళాను అంటే "వాజ్ అలౌడ్ టు లీవ్" కావాలి. ఒంటరి సంఘటనకి కుడ్ నప్పదు. వెళ్ళనివ్వలేదు అనడానికి మాత్రం కుడ్ంట్ ఎలాగైనా చెల్లుతుంది. రేపటి అనుమతి అయితే "విల్ బి అలౌడ్ టు". విల్, కెన్ రెండూ ఒకే ఒరలో ఇమడవు. కెన్ పక్కన ఏబుల్ కూడా అంతే. "ఐ కెన్ ఏబుల్ టు" అన్నది మన బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు పొడుగునా రోజూ వినబడుతుంది, ఏదో ఒకటి చాలు.

షల్ ఐ గురించి తప్పక చెప్పాలి, ఎందుకంటే మన 'నా' దీన్ని తప్పుదారి పట్టిస్తుంది. "లైటు వెయ్యనా?", "రేపు సెలవు పెట్టనా?" రెంటికీ తెలుగులో ఒకే రూపం. మొదటిది ఎదుటివాళ్ళ కోసం, రెండోది నా కోసం. ఇంగ్లిష్‌లో షల్ ఐ మొదటిదానికే. ఎదుటివాళ్ళకి ఏదో చేసిపెడతానని అడగడం అది. "షల్ ఐ టేక్ లీవ్ టుమారో?" అని బయటిదేశం మేనేజర్‌ని అడిగితే, నేనేం చెయ్యమంటారు అని సలహా అడుగుతున్నట్టు వింటాడు. నా పని, నా లాభం అయితే కెన్ ఐ, కుడ్ ఐ.

చివరగా డూ యూ మైండ్. దీంట్లో అనుమతి ఉల్టాగా ఉంటుంది. మీకు అభ్యంతరమా అని అడుగుతున్నారు కాబట్టి, అనుమతి ఇవ్వాలంటే నో అనాలి. "నాట్ ఎట్ ఆల్" అంటే ఇంకా బాగుంటుంది. వుడ్ యూ మైండ్ ఇఫ్ ఐ అని మొదలుపెడితే వెనక వచ్చేది సిట్ కాదు, సాట్. ఈ సాట్ మర్చిపోయినా పర్లేదు కానీ ఆ నో మర్చిపోకండి. ఒకసారి మా క్యాంటీన్‌లో క్లయింట్ తరఫున వచ్చిన ఒకాయన ప్లేటు పట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చి, "డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అన్నాడు. మేం నలుగురం తెలుగువాళ్ళం, ముఖం నిండా నవ్వుతో ఒక్కసారే "యెస్, యెస్!" అన్నాం. ఆయన సారీ చెప్పి, సాంబారు ఒలకకుండా ప్లేటు జాగ్రత్తగా తిప్పుకుని, కిటికీ పక్కన ఒక్కడే కూర్చుని తిన్నాడు. మేం ఆ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఇంకా కాస్త బయటికి లాగి, ఎందుకు వెళ్ళిపోయాడా అని చూస్తూ కూర్చున్నాం.